మోల్ లెక్క, మోలార్ గాఢత: తూకం నుంచి ద్రావణం దాకా

పలాసలో జీడిపప్పు బేరం చేసేవారు డబ్బా మీద ‘డబ్ల్యూ 320’ అనో ‘డబ్ల్యూ 180’ అనో రాసి ఉండడం చూసే ఉంటారు. ఆ అంకె ధరనూ చెప్పదు, బరువునూ చెప్పదు. ఒక పౌను, అంటే 454 గ్రాముల పప్పు తూచితే అందులో విరగని నిండు పప్పులు ఎన్ని వస్తాయో చెబుతుంది. 320 రకంలో పౌనుకు 300 నుంచి 320 పప్పులు, 180 రకంలో 170 నుంచి 180 పప్పులు ఉంటాయి. ఈ సంగతి తెలిసిన వర్తకుడు పది కిలోల డబ్బాలో ఎన్ని పప్పులున్నాయో తెలుసుకోవడానికి ఒక్కొక్కటే లెక్కపెడుతూ కూర్చోడు. కాటా మీద పెట్టి తూచి, 320 రకమైతే ఏడు వేలకు కాస్త అటూ ఇటూ అనీ, 180 రకమైతే నాలుగు వేలకు కాస్త తక్కువ అనీ చెప్పేస్తాడు.

రసాయన శాస్త్రంలో మోల్ అనే ప్రమాణం చేసే పని సరిగ్గా ఇదే. కంటికి కనిపించని, చేత్తో ఏరి లెక్కపెట్టలేని అణువులను తూకం వేసి లెక్కపెట్టడం. శ్రీకాకుళం జిల్లాలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్న నాకు ఒక విషయం స్పష్టంగా తెలిసింది: మోలారిటీ లెక్కల్లో తప్పిపోయే పిల్లలకు గుణకారం, భాగహారం రాక కాదు, తాము లెక్కిస్తున్నది బరువునా, సంఖ్యనా, దేనిలో ఎంత అన్నది మొదట తేల్చుకోకపోవడం వల్లనే తప్పుతారు. అందుచేత ఈ వ్యాసంలో ప్రతి లెక్కనూ ముందు మోల్‌లలోకి మార్చి, ఆ తరువాతే ముందుకు సాగుతాను.

మోల్ అంటే ఎంత

డజను అంటే పన్నెండు. గుడ్లైనా, అరటిపళ్లైనా, పెన్నులైనా పన్నెండే. అలాగే ఒక మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. అవి అణువులు కావచ్చు, పరమాణువులు కావచ్చు, అయాన్‌లు (విద్యుదావేశం ఉన్న కణాలు) కావచ్చు; సంఖ్య మాత్రం మారదు. 1811లో వాయువుల గురించి తన పరికల్పనను ప్రతిపాదించిన ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో పేరును ఫ్రాన్సు శాస్త్రవేత్త జీన్ పెరిన్ 1909లో ఈ సంఖ్యకు పెట్టాడు. అవగాడ్రోకు ఈ సంఖ్య విలువ తెలియదు. పూర్వం పన్నెండు గ్రాముల కార్బన్-12లో ఉన్న పరమాణువుల సంఖ్య అని మోల్‌ను నిర్వచించేవారు. 2019 మే 20 నుంచి పైన ఇచ్చిన సంఖ్యనే కచ్చితమైన విలువగా నిర్ణయించారు. మన లెక్కలకు 6.022 × 10²³ చాలు.

డజను గుడ్లకూ డజను గుమ్మడికాయలకూ బరువు ఒకటి కానట్టే, ఒక మోల్ నీటికీ ఒక మోల్ ఉప్పుకూ బరువు ఒకటి కాదు. ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేదే మోలార్ ద్రవ్యరాశి. జీడిపప్పు డబ్బా మీది అంకె లాంటిది ఇది: అది తెలిస్తే కాటా చూసి సంఖ్య చెప్పవచ్చు. ఆవర్తన పట్టికలో ప్రతి మూలకం కింద ఉండే పరమాణు ద్రవ్యరాశి అంకెను గ్రాములుగా చదువుకుంటే అదే ఆ మూలకం ఒక మోల్ బరువు. సమ్మేళనానికైతే దాని సాంకేతికంలో, అంటే ఫార్ములాలో, ఏ మూలకం ఎన్నిసార్లు ఉందో చూసి కూడాలి. సోడియం 22.99, క్లోరిన్ 35.45 కనుక ఉప్పు మోలార్ ద్రవ్యరాశి మోల్‌కు 58.44 గ్రాములు.

ఆక్జాలిక్ ఆమ్లం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ప్రయోగశాలలో మనకు దొరికే స్ఫటికాల్లో ప్రతి ఆక్జాలిక్ ఆమ్లం అణువుతో పాటు రెండు నీటి అణువులు ఉంటాయి. వాటిని స్ఫటికజలం అంటారు. ఆమ్లంలో రెండు కార్బన్‌లు, రెండు హైడ్రోజన్‌లు, నాలుగు ఆక్సిజన్‌లు. స్ఫటికజలంలో నాలుగు హైడ్రోజన్‌లు, రెండు ఆక్సిజన్‌లు. మొత్తం కలిపితే ఇలా వస్తుంది:

కార్బన్: 2 × 12.011 = 24.022
హైడ్రోజన్: 6 × 1.008 = 6.048
ఆక్సిజన్: 6 × 15.999 = 95.994
మొత్తం: 126.06 గ్రాములు, ఒక మోల్‌కు

ఆ నీటిని లెక్కలోకి తీసుకోకపోతే వచ్చేది 90.03. ఈ తేడా వల్ల ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక ఏడాది ప్రాక్టికల్స్‌కు ముందు తయారుచేసిన ఆక్జాలిక్ ఆమ్లం ద్రావణంతో అంశమాపనం (గాఢత తెలిసిన ద్రావణంతో తెలియని దాని గాఢతను కనుగొనే టైట్రేషన్) మొదలుపెట్టిన పిల్లలందరికీ, బ్యూరెట్ అనే కొలత గొట్టంలో 20 మిల్లీలీటర్లు దాటవలసిన రీడింగ్ 14.6 దగ్గరే ఆగిపోయింది. ఒకరికి తప్పు వస్తే చేతి తప్పు అనుకోవచ్చు. గదిలో ఉన్న అందరికీ ఒకే రీడింగ్ వచ్చిందంటే తప్పు సీసాలోనే ఉంది. ద్రావణం కలిపిన రోజు నోటు పుస్తకం తీసి చూస్తే 3.152 గ్రాములు తూచవలసిన చోట 2.251 గ్రాములు అని నా చేతిరాతలోనే ఉంది. స్ఫటికజలాన్ని వదిలేసి 90.03తో గుణించాను. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అని చీటీ అంటించిన ద్రావణం గాఢత నిజానికి 0.0714 మోలార్ మాత్రమే. ఆనాటి నుంచి సీసా మీద ‘డైహైడ్రేట్’ (రెండు నీటి అణువులు), ‘పెంటాహైడ్రేట్’ (ఐదు), ‘అన్‌హైడ్రస్’ (నీరు లేనిది) అనే మాటలు చదవకుండా నేను మూత తీయలేదు. మైలుతుత్తం, మోర్ లవణం, సోడియం కార్బొనేట్ విషయాల్లోనూ ఈ జాగ్రత్త తప్పదు.

గ్రాముల నుంచి మోల్‌లకు

ఇది చిన్న పని. ఉన్న గ్రాములను మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్‌లు వస్తాయి. మోల్‌లను మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే గ్రాములు వస్తాయి. మోల్‌లను అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే కణాల సంఖ్య వస్తుంది. ఎప్పుడు గుణించాలో ఎప్పుడు భాగించాలో గుర్తుండదని అనేవారు ప్రమాణాలను అంకె పక్కనే రాసుకుంటే చాలు. గ్రాములను ‘మోల్‌కు గ్రాములు’తో భాగిస్తే గ్రాములు కొట్టుకుపోయి మోల్ మిగులుతుంది. గుణిస్తే గ్రాముల వర్గం అనే అర్థం లేని ప్రమాణం వస్తుంది. అక్కడే తప్పు తెలిసిపోతుంది. త్రిభుజం గీసి అక్షరాలను వేలితో మూసి చూసుకునే పద్ధతి కంటే ఇది ఎంతో నమ్మదగినదని నా అభిప్రాయం, ఎందుకంటే త్రిభుజాన్ని తలకిందులుగా గుర్తుపెట్టుకున్నా అది మనల్ని హెచ్చరించదు.

పొలానికి తెచ్చే 45 కిలోల యూరియా బస్తానే తీసుకుందాం. యూరియా మోలార్ ద్రవ్యరాశి 60.06. బస్తాలో 45,000 గ్రాములు ఉన్నాయి కనుక 45,000 ÷ 60.06 = 749 మోల్‌లు. ఒక్కో యూరియా అణువులో రెండు నత్రజని పరమాణువులు ఉంటాయి కాబట్టి బస్తాలో 1,498 మోల్‌ల నత్రజని ఉన్నట్టు. దాన్ని 14.007తో గుణిస్తే సుమారు 21 కిలోలు. బస్తా మీద నత్రజని 46 శాతం అని ముద్రించేది ఈ లెక్క ప్రకారమే.

మోలార్ గాఢత

ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం (కరిగిన పదార్థం) ఉందో చెప్పేది మోలారిటీ. ఈ వాక్యంలో ‘ద్రావణం’ అన్న మాటే ప్రాణం. లీటరు నీరు కాదు, లీటరు ద్రావణం. లీటరు నీటిని కొలిచి అందులో ఉప్పు వేస్తే మొత్తం ఘనపరిమాణం లీటరు కంటే ఎక్కువవుతుంది, గాఢత అనుకున్న దాని కంటే తగ్గుతుంది. అందువల్లనే ముందు ద్రావితాన్ని కొంచెం నీటిలో కరిగించి, ఆ తరువాత గుర్తు వరకు నీరు పోస్తాం. ఒక కిలోగ్రాము ద్రావణిలో (కరిగించుకునే ద్రవంలో) ఎన్ని మోల్‌లు ఉన్నాయో చెప్పే మోలాలిటీ వేరు. రెంటికీ ఒక్క అక్షరమే తేడా కనుక ప్రశ్నపత్రంలో ఆ మాటను నిదానంగా చదవాలి.

చాలామంది పిల్లలు బరువును వెయ్యితో గుణించి, అణుభారం, మిల్లీలీటర్ల లబ్ధంతో భాగించే సూత్రాన్ని ఒక్క ఊపులో కంఠస్థం చేస్తారు. ఆ సూత్రం తప్పు కాదు. అయితే అది మోల్ అన్న మెట్టును మింగేస్తుంది. ప్రశ్న కొంచెం మలుపు తిరిగి బరువుకు బదులు సాంద్రత, శాతం ఇస్తే, లేదా రెండు ద్రావణాలను కలిపితే, సూత్రం వల్లించిన విద్యార్థి నిలిచిపోతాడు. రెండు మెట్లుగా చేసేవాడు ఆగడు. 5.85 గ్రాముల ఉప్పును కరిగించి 250 మిల్లీలీటర్ల ద్రావణం చేశామనుకోండి. మొదటి మెట్టు: 5.85 ÷ 58.44 = 0.1001 మోల్. రెండో మెట్టు: 0.1001 ÷ 0.250 లీటరు = 0.400 మోలార్. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం ఇక్కడ మరచిపోతే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది.

జవాబు సరైనదో కాదో పరికించడానికి నేను పిల్లలకు ఒక అంకెను గుర్తుపెట్టుకోమంటాను. లీటరు స్వచ్ఛమైన నీరు సుమారు 1000 గ్రాములు. నీటి మోలార్ ద్రవ్యరాశి 18.015, అంటే లీటరు నీటిలో నీరే 55.5 మోల్‌లు ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సైతం 18 మోలార్ చుట్టుపక్కలే. కాబట్టి ఉప్పు ద్రావణానికి 400 మోలార్ అని జవాబు వస్తే, కాగితం మీద గీత గీయక ముందే ఎక్కడో ప్రమాణం జారిపోయిందని తెలుసుకోవాలి.

ప్రామాణిక ద్రావణాన్ని చేత్తో తయారు చేయడం

ఇప్పుడు 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లం తయారు చేద్దాం. కావలసిన మోల్‌లు 0.1 × 0.250 = 0.0250. కావలసిన బరువు 0.0250 × 126.06 = 3.152 గ్రాములు. తూచే గాజుపళ్లెం మీద సరిగ్గా 3.152 వచ్చేదాకా చిటికెడు వేస్తూ, చిటికెడు తీస్తూ సమయం పోగొట్టుకోనక్కర లేదు. తీసిన స్ఫటికాలను తిరిగి సీసాలో వేయడం వల్ల సీసా మొత్తం పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. దగ్గరగా వచ్చిన బరువును ఉన్నది ఉన్నట్టు రాసుకోవడమే సరైన పద్ధతి. 3.168 గ్రాములు వచ్చిందనుకుంటే, మోల్‌లు 3.168 ÷ 126.06 = 0.02513, గాఢత 0.02513 ÷ 0.250 = 0.1005 మోలార్. సీసా చీటీ మీద 0.1 అని కాక 0.1005 అని రాయాలి.

తూచిన స్ఫటికాలను చిన్న బీకరులోకి జారవిడిచి, పళ్లెం మీద అంటుకున్న పొడిని కూడా స్వేదన జలంతో అందులోకే కడగాలి. సుమారు 100 మిల్లీలీటర్ల నీరు పోసి గాజుకడ్డీతో కలుపుతూ పూర్తిగా కరిగించాలి. తరువాత 250 మిల్లీలీటర్ల ప్రమాణ కుప్పె మూతిలో గరాటు పెట్టి, గాజుకడ్డీ వెంబడి ద్రావణాన్ని లోపలికి పోయాలి. బీకరును, కడ్డీని, గరాటును కొద్దికొద్ది నీటితో రెండు మూడుసార్లు కడిగి ఆ కడుగునీటిని కూడా కుప్పెలోనే చేర్చాలి. బీకరు గోడకు మిగిలిపోయిన ప్రతి చుక్కలోనూ మనం తూచి లెక్కపెట్టిన మోల్‌లు ఉన్నాయి. ఈ కడగడాన్ని తొందరలో వదిలేసే విద్యార్థికి లెక్క ఎంత బాగా వచ్చినా ద్రావణం బలహీనంగానే వస్తుంది.

కుప్పె మెడ దగ్గరికి నీరు వచ్చాక డ్రాపర్‌తో ఒక్కొక్క చుక్కే వేయాలి. మెడ మీద చెక్కిన గీతను కంటికి సమాన ఎత్తులో ఉంచుకుని చూస్తే నీటి ఉపరితలం నెలవంకలా కిందికి వంగి కనిపిస్తుంది. ఆ వంపు అడుగు భాగం గీతను తాకిన క్షణంలో ఆపాలి. గీత దాటితే పైనుంచి తీసివేయడం పనికిరాదు, తీసిన నీటితో పాటు ఆమ్లం కూడా పోతుంది. ద్రావణాన్ని పారబోసి మళ్లీ మొదలుపెట్టవలసిందే. చివరగా మూత బిగించి కుప్పెను కనీసం పదిసార్లు తలకిందులు చేస్తూ కలపాలి. కుప్పె మీద 20 డిగ్రీలు అనో 27 డిగ్రీలు అనో రాసి ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఆ గీత సరైనది కనుక, వేడి ద్రావణాన్ని చల్లారనివ్వకుండా గీత వరకు నింపకూడదు.

సోడియం హైడ్రాక్సైడ్ విషయంలో ఇలా తూచి గాఢతను నమ్మడానికి వీలులేదు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఆ తెల్లని గుళికలు కాటా మీద పెట్టిన కొద్ది నిమిషాల్లోనే చెమర్చినట్టు తడిసిపోతాయి. తేమతో పాటు గాలిలోని కార్బన్ డైఆక్సైడ్‌ను కూడా పీల్చుకుంటాయి. కాటా చూపేది సోడియం హైడ్రాక్సైడ్ బరువు ఒక్కటే కాదు. దాని ద్రావణాన్ని సుమారు గాఢతతో తయారుచేసుకుని, ఆక్జాలిక్ ఆమ్లం లాంటి ప్రాథమిక ప్రమాణ పదార్థంతో (తూచి గాఢతను నమ్మదగిన పదార్థంతో) అంశమాపనం చేసి అసలు గాఢత తెలుసుకోవాలి.

నీరు పోసినా, నీరు తీసినా

ఒక ద్రావణానికి నీరు చేర్చినప్పుడు గాఢత మారుతుంది, ఘనపరిమాణం మారుతుంది, ద్రావితం మోల్‌లు మాత్రం మారవు. తొలి గాఢతను తొలి ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేది మోల్‌లే. తుది గాఢతను తుది ఘనపరిమాణంతో గుణించినా అవే మోల్‌లు. రెండూ సమానమన్న సూత్రానికి ఇంతకంటే లోతైన అర్థం లేదు. మనం చేసిన 0.1005 మోలార్ ఆమ్లం నుంచి 50 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి 100 మిల్లీలీటర్ల కుప్పెలో గీత వరకు నీరు పోస్తే గాఢత 0.1005 × 50 ÷ 100 = 0.05025 మోలార్ అవుతుంది. ఇక్కడ రెండు వైపులా ఒకే ప్రమాణం ఉంటే చాలు. లీటర్లలోకి మార్చనక్కర లేదు.

నీరు తీసివేసినా సూత్రం ఇదే. దీన్ని చూడాలంటే నౌపడ ఉప్పుమడుల దగ్గరికి వెళితే చాలు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 28 గ్రాముల సోడియం క్లోరైడ్ ఉంటుంది. 28 ÷ 58.44 = 0.48 మోల్, అంటే సముద్రపు నీరు ఉప్పు విషయంలో ఇంచుమించు అర మోలార్ ద్రావణం. ఇక ఉప్పు పూర్తిగా సంతృప్తమైన నీటిలో లీటరుకు సుమారు 318 గ్రాములు కరిగి ఉంటుంది. 318 ÷ 58.44 = 5.4 మోలార్. మడిలో ఎండకు ఆవిరయ్యేది నీరే తప్ప ఉప్పు కాదు కనుక 0.48 మోల్ అలాగే మిగిలి ఉంటుంది. ఆ మోల్‌లు 5.4 మోలార్‌కు చేరాలంటే 0.48 ÷ 5.4 = 0.089 లీటరు, అంటే లీటరు నీరు 89 మిల్లీలీటర్లకు తగ్గాలి. సముద్రపు నీటిలో మెగ్నీషియం క్లోరైడ్ వంటి ఇతర లవణాలు కూడా ఉండడం వల్ల నిజానికి నీరు పదో వంతుకు తగ్గేసరికే మడి అడుగున ఉప్పు రాలడం మొదలవుతుంది. మన లెక్క స్వచ్ఛమైన ఉప్పునీటికి చేసింది. అయినా వాస్తవానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి.

గాఢ ఆమ్లాలను పలుచన చేసేటప్పుడు సీసా మీద మోలారిటీ ఉండదు, బరువు శాతం, సాంద్రత మాత్రమే ఉంటాయి. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు. లీటరు ఆమ్లం బరువు 1840 గ్రాములు, అందులో అసలు ఆమ్లం 1840 × 0.98 = 1803 గ్రాములు, మోలార్ ద్రవ్యరాశి 98.08తో భాగిస్తే 18.4 మోలార్. దాని నుంచి 500 మిల్లీలీటర్ల 1 మోలార్ ఆమ్లం కావాలంటే 500 × 1 ÷ 18.4 = 27.2 మిల్లీలీటర్లు తీసుకోవాలి. ఆమ్లాన్ని నీటిలోకి, సన్నని ధారగా, కలుపుతూ పోయాలి. నీటిని ఆమ్లంలోకి ఎన్నడూ పోయకూడదు. అలా పోస్తే పుట్టే వేడికి పైన పడిన నీరు ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయనిచ్చే ఉపాధ్యాయుడు తప్పు చేస్తున్నట్టే.

తెలియని గాఢతను కనుగొనడం

పొటాషియం పర్మాంగనేట్ గాఢతను ఆక్జాలిక్ ఆమ్లంతో కనుగొనే ప్రయోగం ఇంటర్ విద్యార్థులందరికీ పరిచయమే. అందులోని ఊదారంగుకు మూలం మాంగనీసు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల నేల ఆ ఖనిజానికే పేరు పొందింది. పర్మాంగనేట్ నిలవ ఉన్నప్పుడు కొంత విఘటనం చెందుతుంది కాబట్టి దాన్ని తూచి గాఢత చెప్పడం కుదరదు.

శంఖాకార కుప్పెలో 20 మిల్లీలీటర్ల 0.05025 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లం తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి, 60 నుంచి 70 డిగ్రీల వరకు వేడి చేస్తాం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే పర్మాంగనేట్ దాన్ని కూడా ఆక్సీకరణం చేసి క్లోరిన్‌గా మార్చి రీడింగ్‌ను పెంచేస్తుంది కనుక అది పనికిరాదు. బ్యూరెట్‌లోని పర్మాంగనేట్ ముదురు రంగులో ఉండి నెలవంక అడుగు కనిపించదు. అందుచేత ఈ ఒక్క ద్రావణానికి పై అంచును చదవాలి, మొదట్లోనూ చివర్లోనూ అదే అంచును చదవాలి. మొదటి కొన్ని చుక్కల రంగు పోవడానికి కొంత సమయం పడుతుంది. కంగారు పడకుండా కుప్పెను తిప్పుతూ ఉండండి. చర్యలో పుట్టే మాంగనస్ అయాన్‌లే ఆ చర్యను వేగవంతం చేస్తాయి, ఆ తరువాత రంగు వెంటవెంటనే పోతుంది. చివరికి ఒక చుక్క పడి లేత గులాబీ రంగు అర నిమిషం పాటు నిలిచిందంటే అదే అంతిమ స్థానం.

రీడింగ్ 20.4 మిల్లీలీటర్లు అనుకుందాం. ఆక్జాలిక్ ఆమ్లం మోల్‌లు 0.0200 × 0.05025 = 0.001005. తుల్య సమీకరణం ప్రకారం ఐదు మోల్‌ల ఆక్జాలిక్ ఆమ్లానికి రెండు మోల్‌ల పర్మాంగనేట్ కావాలి. కనుక పర్మాంగనేట్ మోల్‌లు 0.001005 × 2 ÷ 5 = 0.000402. ఇవి 0.0204 లీటరులో ఉన్నాయి, గాఢత 0.000402 ÷ 0.0204 = 0.0197 మోలార్. లీటరుకు ఎన్ని గ్రాములో అడిగితే 158.03తో గుణించి 3.11 అని చెప్పవచ్చు. రెండు, ఐదు అనే నిష్పత్తిని మరచిపోయి, పలుచన చేసే సూత్రాన్నే ఇక్కడా వాడేవారు ఎందరో. అక్కడ ఒకే పదార్థం ఉంది. ఇక్కడ రెండు పదార్థాలు చర్య జరుపుతున్నాయి.

అయాన్‌ల గాఢత

ఒక మోల్ ఉప్పు నీటిలో కరిగితే ఒక మోల్ సోడియం అయాన్‌లు, ఒక మోల్ క్లోరైడ్ అయాన్‌లు వస్తాయి. ఒక మోల్ ట్రైసోడియం సిట్రేట్ నుంచి మూడు మోల్‌ల సోడియం వస్తుంది. గ్లూకోజ్ విడిపోదు. ఈ మూడు సంగతులూ ఒకేచోట కావాలంటే ఎండాకాలంలో ఇంటింటా ఉండే ఓఆర్‌ఎస్ పొట్లాన్ని చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న మిశ్రమంలో లీటరుకు 2.6 గ్రాముల సోడియం క్లోరైడ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. గ్లూకోజ్ 13.5 ÷ 180.16 = 0.0749 మోలార్. సోడియం క్లోరైడ్ 2.6 ÷ 58.44 = 0.0445. సిట్రేట్ 2.9 ÷ 294.10 = 0.0099, దాని సోడియం మూడు రెట్లు, అంటే 0.0296. మొత్తం సోడియం 0.0741 మోలార్. మిల్లీమోల్‌లలో చెబితే గ్లూకోజ్ 75, సోడియం 74. అధికారిక పట్టికలో రెండూ 75 అని ఉంటాయి. ఆ చిన్న తేడా గ్రాములను ఒక దశాంశ స్థానానికి కుదించడం వల్ల వచ్చింది.

రెండూ సమానంగా ఉండడం యాదృచ్ఛికం కాదు. చిన్నపేగు గోడలో గ్లూకోజ్, సోడియం జతగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. గ్రాముల్లో చూస్తే 13.5కూ 2.6కూ ఏ పొంతనా కనిపించదు. మోల్‌లలోకి మార్చిన తరువాతే ఆ సమానత్వం బయటపడుతుంది. లీటరుకు కలపవలసిన పొట్లాన్ని అర లీటరులో కలిపితే ప్రతి గాఢతా రెట్టింపవుతుంది కాబట్టి పొట్లం మీద రాసిన నీటి కొలతను తప్పనిసరిగా పాటించాలి.

రక్త పరీక్ష కాగితంలోని అంకె

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పల్లెల్లో, కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు లేదు. మన ల్యాబులు దాన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. చాలా దేశాల్లో లీటరుకు మైక్రోమోల్‌లలో ఇస్తారు. ఒక రోజు కవిటి వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు తరగతి అయ్యాక నా బల్ల దగ్గర నిలబడి, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తండ్రి రిపోర్టును చూపించాడు. “మాస్టారూ, మా నాన్నకి క్రియాటినిన్ 97 ఉందటండి. మా ఊళ్లో ఐదు, ఆరు ఉన్నవాళ్లకే డయాలసిస్ అంటున్నారు” అన్నాడు. గొంతు పూడుకుపోయి ఉంది. “ఉండు నాయనా, అంకె పక్కన ప్రమాణం ఏముందో చదువు” అన్నాను. లీటరుకు మైక్రోమోల్‌లు అని చదివాడు.

అక్కడే కూర్చుని లెక్క చేశాం. క్రియాటినిన్ మోలార్ ద్రవ్యరాశి 113.12. డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 0.010 గ్రాము. 0.010 ÷ 113.12 = 0.0000884 మోల్, అనగా 88.4 మైక్రోమోల్‌లు. కాబట్టి మైక్రోమోల్‌లలో ఇచ్చిన అంకెను 88.4తో భాగిస్తే మన ల్యాబు అంకె వస్తుంది. ఆ భాగహారం నేను చేయలేదు. రిపోర్టును డాక్టరు గారికి చూపించడం మాత్రం మానవద్దని చెప్పి, పెన్ను అతని చేతికే ఇచ్చాను. కాగితం వెనక 97 ÷ 88.4 అని రాసి, ప్రమాణాలు ఒక్కొక్కటే కొట్టివేసుకుంటూ వచ్చి, డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు అని రాశాడు. మరొకసారి మొదటి నుంచి చేసి చూసుకున్నాడు. అదే అంకె వచ్చాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి ఫోన్ చేయడానికి వరండాలోకి వెళ్లాడు.